కోడి అడుగు పడ్డ పిడక

భోగి పిడక మధ్యలో చిల్లు ఎలా పెట్టాలో నాకు నేర్పింది మా పెద్దొదిన. అమ్మమ్మ కాదు. అమ్మమ్మ చేసేదల్లా పొద్దున్నే పాక దగ్గర్నుంచి ఆవు పేడ తట్టతో తెచ్చి, పెరట్లో సన్నజాజి పందిరి పక్కన దింపి, రెండు గుప్పెళ్ళ ఊక చల్లి, "కానివ్వండర్రా, ఎండ పోతుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోవడమే. ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని పక్కన కూర్చుని చెప్పిన గుర్తు ఒక్కటి కూడా లేదు నాకు. వదిన పెద్దమావయ్య కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అప్పటికే చెయ్యి బాగా తిరిగింది. నిమ్మకాయంత ముద్ద తీసుకుని, అరచేతిలో గారెలా తట్టి, మధ్యలో చూపుడువేలు గుచ్చి, టక్కున చాప మీద పడేసేది. నేను గుచ్చితే వేలు తీసిన వెంటనే పేడ జారి చిల్లు పూడుకుపోయేది. అప్పుడు చెప్పింది కిటుకు. కొబ్బరి మట్ట చీల్చిన పుల్ల గుచ్చి, పైన తడి కాస్త ఆరేదాకా పుల్ల అలాగే ఉంచాలిట. ఊక తక్కువైతే ఎండాక పిడక నెర్రెలిచ్చి దండ గుచ్చేటప్పుడు రెండు ముక్కలవుతుందని, ఎక్కువైతే అసలు ముద్దే కట్టదని కూడా అప్పుడే తెలిసింది.

అమ్మమ్మగారిది అంబాజీపేట దగ్గర చిన్న పల్లెటూరు. కోనసీమ. చుట్టూ కొబ్బరితోటలు, మధ్యలో కాలువ. మేం అమలాపురంలో ఉండేవాళ్ళం, నాన్నగారిది బడిపంతులు ఉద్యోగం. నేను చెప్పేది 1979 నుంచి 1984 దాకా, అంటే నాకు ఏడేళ్ళప్పటి నుంచి పన్నెండేళ్ళ దాకా. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టారంటే చాలు, ప్రతి శనివారం బడి వదలగానే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ బస్సెక్కించుకుని తీసుకెళ్ళిపోయేది. బస్సులో అరగంట. సంక్రాంతి సెలవులు ఇచ్చాక ఇక అక్కడే మకాం. అందుకని మా పిడకలు వారానికో విడత తయారయ్యేవి. శనివారం సాయంత్రం తట్టినవి, ఆదివారం తట్టినవి. మిగతా వారమంతా వాటిని ఎండకి తిరగేసి పెట్టడం అమ్మమ్మ పని.

కోనసీమ చలి అంటే మరీ గజగజ వణికించే చలి కాదు గాని మంచు మాత్రం బాగా కురుస్తుంది, తెల్లారేసరికి కొబ్బరాకుల కొసల నుంచి చినుకుల్లా టపటపా రాలుతుంది. ఆ మంచుకి పిడకలు మళ్ళీ మెత్తబడిపోతాయి. అందుకని సాయంత్రం కాగానే ఆ తాటాకు చాపని నాలుగు మూలలా పట్టుకుని, ఒక్క పిడకా జారకుండా, వీధరుగు మీదకి మోసుకురావడం మా పని. ఆ నాలుగు మూలల్లో ఒక మూల ఎప్పుడూ తమ్ముడిది. వాడికి నాలుగేళ్ళు. వాడి మూల ఎప్పుడూ కిందికి ఉండేది కాబట్టి అటువైపు పిడకలన్నీ ఒకదాని మీద ఒకటి చేరిపోయేవి. అయినా సరే వాణ్ణి తప్పించడానికి అమ్మమ్మ ఒప్పుకునేది కాదు.

ఒకసారి, రెండో ఏడో మూడో ఏడో, నేను తట్టిన పచ్చి పిడక మీద కోడి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. సరిగ్గా చిల్లు పక్కన మూడు వేళ్ళ అడుగు పడింది. నేను ఏడుపు మొహంతో చెరిపెయ్యబోతుంటే అమ్మమ్మ వచ్చి చూసి, "చెరపకే, ఇంత మంచి ముద్ర నువ్వు నేను పెట్టగలమా" అంది. అలాగే ఎండబెట్టాను. ఎండాక ఆ అడుగు ఇంకా స్పష్టంగా కనిపించింది. ఆ ఏడు నా దండలో మధ్య పిడక అదే. దాని సంగతి మళ్ళీ చెప్తాను.

దండ ఎంత పొడుగుండాలి అంటే ఎవరి ఎత్తు వాళ్ళకి. ఇది మా అమ్మమ్మగారింటి లెక్క. అమ్మమ్మ కొబ్బరిపీచు తాడు తీసుకుని, మమ్మల్ని గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తి దగ్గర నుంచి కాలి దాకా కొలిచి ఇచ్చేది. ఏడాదికేడాది తాడు పెరిగేది. నిరుటి తాడు పక్కన పెట్టి చూసుకుని ఎంత పెరిగామో తెలుసుకునేవాళ్ళం.

పిడకలకి ఎండ కావాలి. ముగ్గుకి మాత్రం చీకటి ఉండగానే లేవాలి. అమ్మమ్మ, అత్తయ్య నాలుగింటికే లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేవాళ్ళు. మమ్మల్ని లేపేవాళ్ళు కాదు, కానీ చీపురు చప్పుడుకి మెలకువ వచ్చేసేది. దుప్పటి కప్పుకునే అరుగు మీదకి వచ్చి కూర్చునేవాళ్ళం. అరుగు మా ముగ్గుల బడి. వాకిట్లో వెయ్యడానికి ముందు అరుగు మీద సుద్దముక్కతో వెయ్యాలి. ముందు ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. అది కుదిరితే పదకొండు చుక్కలు, ఆరు వచ్చేదాకా. వదిన అప్పటికే పదిహేను చుక్కలు, ఎనిమిదిలో ఉంది. చుక్కలు పెట్టడంలోనే సగం విద్య ఉంది, వరస ఒక్కటి వంకర పోయిందంటే చివర్లో మెలికలు కలవవు, ఎక్కడ తప్పిందో వెనక్కి వెతుక్కుంటూ రావాలి. నాకు లెక్కలంటే భయం లేకుండా పోవడానికి కారణం ఆ చుక్కలే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అరుగు మీద మూడుసార్లు తప్పు లేకుండా వస్తే నాలుగోసారి వాకిట్లో. నిజం ముగ్గు, ఊరంతా చూసేది. ముగ్గు గిన్నె చేతికిచ్చి అత్తయ్య పక్కకి తప్పుకునేది. పిండి వేళ్ళ సందులోంచి ఒకచోట పోగుపడి, ఇంకోచోట అసలు పడక, నా మొదటి వాకిలి ముగ్గు పెద్ద చూడముచ్చటగా రాలేదు. ఆ పొద్దున హరిదాసు గారు వచ్చి, నెత్తి మీద అక్షయపాత్రతో, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చారు. అందరి వాకిళ్ళలోనూ ఆయన అలాగే నడుస్తారు. నాకు మాత్రం అది నా ముగ్గు కోసమే అనిపించి, ఆ రోజంతా కాళ్ళు భూమి మీద ఆనలేదు.

గొబ్బెమ్మల పని తెల్లవారాక. పేడముద్దని గుండ్రంగా చేసి, పసుపు కుంకుమ పెట్టి, పైన ముగ్గు చల్లి, నెత్తిన గుమ్మడి పువ్వు గుచ్చడం. గుమ్మడి పాదు పెరటి గోడ మీదకి పాకి ఉండేది. మమ్మల్ని పాదు దగ్గరికి పంపే ముందు అమ్మమ్మ చెప్పే మాట ఒకటే, "కింద పిందె ఉన్న పువ్వు ముట్టుకోకండి". ఆడ పువ్వు కింద గోలీకాయంత పిందె ఉంటుంది, పోతు పువ్వుకి ఉత్త కాడే. పోతు పువ్వులు కూడా అన్నీ కొయ్యకూడదు, పాదు మీద కొన్ని ఉంచాలి, లేకపోతే పిందెలు నిలవవు. పూలలో ఆడా మగా ఉంటాయని బళ్ళో చెప్పడానికి చాలా ముందే మాకు ఆ గోడ దగ్గర తెలిసిపోయింది. మంచులో తడిసి విచ్చుకున్న గుమ్మడి పువ్వులో చెయ్యి పెడితే పుప్పొడి వేళ్ళకి అంటుకునేది. దాన్ని తమ్ముడి ముక్కుకి రాసేవాళ్ళం.

వాడు చేసిన గొబ్బెమ్మ ఎప్పుడూ నిలబడేది కాదు. ఒక పక్కకి ఒరిగిపోయేది, పువ్వు బరువుకి ఇంకా ఒరిగేది. అమ్మమ్మ దాన్నే తీసుకెళ్ళి ముగ్గు నడిమధ్యలో పెట్టేది. అత్తయ్య చేసినవి చుట్టూ. నేనొకసారి, "అది బాలేదు కదా అమ్మమ్మా, మధ్యలో ఎందుకు" అని అడిగితే, "చిన్నపిల్లాడి గొబ్బెమ్మ, మధ్యలోనే ఉండాలి" అంది. అంతకు మించి కారణం చెప్పలేదు. నాకు కొంచెం ఉక్రోషంగానే ఉండేది, నాది గుండ్రంగా వచ్చేది మరి.

ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. మాకు ఆడుకోవడానికి అని విడిగా ఒక ముగ్గు, విడిగా ఒక ముద్ద ఇవ్వలేదు వాళ్ళు. వాకిట్లో పడేది మా ముగ్గు, ముగ్గులో కూర్చునేది మా గొబ్బెమ్మ, మంటలోకి వెళ్ళేది మా దండ. చేసిన ప్రతిదానికీ వెళ్ళాల్సిన చోటు ఒకటి ఉండేది.

మధ్యాహ్నాలు మాత్రం పూర్తిగా ఆటలవే. కొబ్బరితోటలో పని చేసే పాలేరు తాత ఒకాయన ఉండేవారు. కొబ్బరాకు ఒకటి ఈనె నుంచి చీల్చి, చేతిలో రెండు మడతలు తిప్పేసరికి వాచీ వచ్చేది, ఇంకో మూడు మడతలకి కళ్ళజోడు. బూర చెయ్యడం కొంచెం కష్టం, ఆకుని సన్నగా మొదలుపెట్టి చుట్టుకుంటూ వెడల్పు చేసుకుంటూ పోయి, చివర ఊడిపోకుండా ఈనెపుల్ల గుచ్చాలి. ఊదేవైపు చిన్న ఆకుముక్క రెండు మడతలుగా పెడితేనే చప్పుడు వస్తుంది. నలుగురం నాలుగు బూరలు ఊదుకుంటూ కాలువ గట్టు మీద పోతుంటే నీళ్ళల్లో బాతులన్నీ అటు గట్టుకి పోయేవి. రాలిపడిన కొబ్బరిపిందెకి ఈనెపుల్ల గుచ్చితే బొంగరం, రెండు పిందెల మధ్య పుల్ల పెడితే బండి. అరటి దొప్ప కాలువలో వదిలితే పడవ. వీటిలో దేనికీ ఒక్క పైసా ఖర్చు లేదు, సాయంత్రానికి ఒక్కటీ మిగిలేది కాదు, ఆకు వాడిపోయాక వాచీ కూడా వదులై జారిపోయేది. మర్నాడు మళ్ళీ కొత్తవి.

బయట మరీ మంచుగా ఉన్న పొద్దుల్లో చావట్లో వామనగుంటలు. గుంటకి నాలుగు చొప్పున చింతగింజలు. ఓడిపోతే వదిన గింజలు అప్పు ఇచ్చేది, ఆ అప్పు మర్నాటికి మర్చిపోయేది కాదు.

బొమ్మల కొలువు మా అమ్మమ్మగారింట్లో సంక్రాంతికే పెట్టేవాళ్ళు, దసరాకి కాదు. భోగి నుంచి మూడు రోజులు. బల్లలు మెట్లుగా పేర్చి, పైన తాతయ్య తెల్ల పంచె పరిచి, భోషాణంలోంచి బొమ్మలు ఒక్కొక్కటే తీసేవారు. పాత గుడ్డల్లో చుట్టి ఉండేవి. కొండపల్లి దశావతారాలు, కల్లుగీసేవాడు, నీళ్ళబిందెల పడుచు. అవి తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, అందుకే జారిపడతాయని మాకు భయం. ఏటికొప్పాక లక్కపిడతలు మాత్రం మా చేతికి ధైర్యంగా ఇచ్చేది అమ్మమ్మ. అంకుడు కర్ర, నున్నగా, ఎర్రగా పచ్చగా మెరుస్తూ ఉండేవి. చిన్న తిరగలి, చిన్న పొయ్యి, చిన్న బిందె. వాటితో గుజ్జనగూళ్ళు ఆడుకుని, కొలువు వేళకి కడిగి తుడిచి కింది మెట్టు మీద పెట్టాలి.

బొమ్మలు పెద్దవాళ్ళవి, ఊరు మాది. అంటే కొలువు ముందు నేల మీద ఊరు కట్టే పని పిల్లలది. పండగకి పది రోజుల ముందే పాత పళ్ళెంలో కాలువ ఒండ్రు మట్టి పోసి, ఒక పక్క ఆవాలు, ఒక పక్క మెంతులు చల్లేవాళ్ళం. అవే మా వరి చేలు. చలికి మొలక ఆలస్యంగా వస్తుంది, మేము వారం మధ్యలో ఉండం, అందుకని అమ్మమ్మ పళ్ళేన్ని రాత్రిళ్ళు వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి పగలు ఎండలో పెట్టేదిట. పగిలిన అద్దం ముక్క చెరువు. సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం కాలువ. చెరుకు పిప్పితో ఇళ్ళు. ఒక ఏడు తమ్ముడు నిజమైన నత్తని తెచ్చి చేలో వదిలాడు, పొద్దున్న చూస్తే మెంతి మొలకలు సగం లేవు. నత్త మాత్రం చెరువు అద్దం మీద కూర్చుని ఉంది.

ఇక ప్రభ సంగతి. కోనసీమ వాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది, అక్కడ గుడి లేదు. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వచ్చి ఆ ఒక్కరోజు అక్కడ కొలువు తీరతారు. నాలుగు వందల ఏళ్ళకు పైగా జరుగుతోందంటారు. ప్రభ అంటే వెదురుతో కట్టిన పెద్ద చట్రం, పైన అర్ధచంద్రంలా వంపు, దానికి రంగురంగుల కొత్తబట్టలు, పూలదండలు, గంటలు. దాన్ని మనుషులు భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువ నీళ్ళలోంచే, పచ్చటి చేల మధ్యలోంచే వస్తాయి. "అశ్శరభ శరభ" అని అరుస్తూ వాళ్ళు నీళ్ళలో దిగుతుంటే తాతయ్య భుజం మీద కూర్చుని చూసిన తమ్ముడు, ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా, నాకు ప్రభ కావాలి అని కూర్చున్నాడు.

తాతయ్య కొనివ్వలేదు, కొనడానికి ఎక్కడా దొరకదు కూడా. చేసి కూడా ఇవ్వలేదు. "చేద్దాం, వచ్చే పండక్కి" అన్నారు. వాడు ఏడాదంతా గుర్తుపెట్టుకున్నాడు. ఆయనా గుర్తుపెట్టుకున్నారు. మరుసటేడు ధనుర్మాసం మొదటి శనివారం మేం వెళ్ళేసరికి పచ్చి వెదురు బద్దలు చీల్చి, నూగు గుచ్చుకోకుండా చాకుతో గీకి, అరుగు మీద పెట్టి ఉంచారు. ముట్టుకోవాలంటే భయం లేకుండా నున్నగా ఉన్నాయి. అంతవరకే ఆయన చేసింది. వంచడం మా చేతే చేయించారు. చలిమంట దగ్గర బద్దని సెగకి చూపించి, కాలకుండా తిప్పుతూ, మెత్తబడ్డాక మోకాలికి ఆనించి కొంచెం కొంచెంగా వంచాలి. తొందరపడితే ఫట్‌మని విరుగుతుంది. రెండు బద్దలు విరిచాం. ఆయన ఏమీ అనలేదు, అందుకే ఎక్కువ చీల్చి పెట్టారేమో. మూడోది వంగింది. వంపు చెదరకుండా రెండు కొసలకీ అరటినార కట్టి, రాత్రంతా అలా ఉంచేశాం.

మరుసటి వారం రంగు కాగితాలు. అంబాజీపేట కొట్లో గులాబీ, పసుపు, ఆకుపచ్చ తెచ్చారు. జిగురు మైదాపిండితో, అత్తయ్య ఉడికించి ఇచ్చింది. కొట్టు ఆయన ఎవరో, జిగురులో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని చెప్పాట్ట. పిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు, వద్దన్నారు తాతయ్య. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని, ఆయన కత్తిరించడం, నేను జిగురు రాయడం, తమ్ముడు అంటించడం. వాడు అంటించిన ప్రతి కాగితం ముడతలు పడేది. తాతయ్య మళ్ళీ తీసి సరిచెయ్యలేదు. ముడతల్నే కుచ్చిళ్ళలా మడిచి, "ఒరేయ్, బట్ట కట్టినట్టే ఉందిరా" అన్నారు. నిజంగా అలాగే కనిపించింది. అత్తయ్య పాత పట్టుచీర అంచు చింపి పైన కట్టింది, నా గజ్జెల పట్టీ గంటల బదులు వేలాడదీశాం. ప్రభ తమ్ముడి నడుము దాకా వచ్చింది.

అరుగు మీద ఆరబెట్టి పడుకున్నాం. తెల్లారి లేచేసరికి పాకలోంచి తాడు తెంపుకుని వచ్చిన దూడ, ప్రభకి ఒక పక్క కాగితం అంతా ఊడదీసి నములుతోంది. మైదా జిగురు రుచి తగిలినట్టుంది. తమ్ముడి ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. తాతయ్య మాత్రం ముందు దూడ నోట్లోంచి కాగితం లాగి, దవడలు తెరిచి చూసి, దానికేమీ కాలేదని తేలాక గట్టిగా ఊపిరి వదిలారు. మైలుతుత్తం కలిపి ఉంటే ఏమయ్యేదో ఆయనకి తెలుసు. మాకు ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు. అప్పుడైతే తమ్ముణ్ణి ఎత్తుకుని, "చట్రం ఉందిగా నాన్నా, చట్రం ఉంటే ప్రభ ఉన్నట్టే" అని, ఆ రోజే మళ్ళీ కొట్టుకి సైకిలు తొక్కారు. ఈసారి ఆకుపచ్చ కాగితం దొరకలేదు, ఊదా రంగు తెచ్చారు. ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క ఊదా. కనుమ నాడు ఊళ్ళో పెద్ద ప్రభ వెనకాల మా ప్రభ కూడా బయల్దేరింది, నేనో పక్క, వాడో పక్క మోస్తూ. ఊరి చివర కాలువ దాకే మాకు అనుమతి. గట్టు మీద ఎవరో పెద్దాయన కండువా తీసి మా ప్రభకి దణ్ణం పెట్టుకున్నారు. దణ్ణం నిజంగానే పెట్టారు, పిల్లల్ని నవ్వించడానికి కాదు. అది నేను చూశాను.

2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన ఆంధ్రా శకటంగా ప్రభల తీర్థం వెళ్తుంటే టీవీలో చూసి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు పుణేలో ఉంటున్నాడు. ఫోన్ ఎత్తి హలో కూడా అనలేదు, "అక్కా, ఊదా రంగు" అన్నాడు. 2025లో ఏటికొప్పాక బొమ్మల శకటం వచ్చినప్పుడు వాడే చేశాడు ఫోను.

భోగి పొద్దున గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ రాయను. మూడున్నరకి నిద్ర లేపడం, చీకట్లో మంట, వెలుగు పడి ఎర్రగా కనిపించే మొహాలు. దండ మెడలో వేసుకుంటే దాదాపు మోకాళ్ళ దాకా వేలాడేది, తాడు మన ఎత్తుంది కదా. మంట చుట్టూ మూడుసార్లు తిరిగి దండ విసరాలి. ఆ ఏడు, కోడి అడుగు ఏడు, నేను విసరలేదు. అందరూ వేసేశారు. నేను దండ పట్టుకుని నిలబడిపోయాను. మిగతావి వేసేస్తాను గాని ఆ ఒక్కటి వెయ్యలేను అనిపించింది, కానీ అలా అడగచ్చో లేదో తెలియదు, దేవుడికి ఇచ్చేదాంట్లోంచి దాచుకుంటే తప్పేమో అని గుండె దడదడలాడింది. అమ్మమ్మ చూసింది. వచ్చి ఏమీ అడగకుండా దండ ముడి విప్పి, ఆ ఒక్క పిడక తీసి నా చేతిలో పెట్టి, మళ్ళీ ముడేసి, "వెయ్యి" అంది. వేశాను. తర్వాత చెవిలో, "అది రథసప్తమికి ఉంచుదాం" అంది.

రథసప్తమికి ఎండబెట్టిన గొబ్బెమ్మల పిడకలతోనే పరవాణ్ణం వండుతారు మా వైపు, తులసికోట దగ్గర, సూర్యుడికి ఎదురుగా. పాలు పొంగాలి. చిక్కుడాకుల్లో నైవేద్యం. ఆ రోజు కూడా పిల్లలకి పని ఉంటుంది, చిక్కుడుకాయలతో రథం కట్టడం. చీపురుపుల్లలు విరిచి కాయలకి అడ్డంగా గుచ్చి, నాలుగు మూలలా నిలబెట్టి, పైన గోపురంలా మూడు కాయలు చేర్చడం. చక్రాలకి మేం రేగుపళ్ళు పెట్టేవాళ్ళం, దోరవి, గట్టిగా ఉన్నవి, అవి నిజంగా దొర్లేవి. అమ్మ ఆ రోజు నాకు బడి మాన్పించి మరీ తీసుకెళ్ళింది. నా పిడక అమ్మమ్మ పొయ్యిలో పెడుతుంటే దగ్గరగా కూర్చుని చూశాను. ముందు అంచులు ఎర్రబడ్డాయి. కోడి అడుగు చాలాసేపు ఉంది. పిడక అంతా నిప్పయ్యాక కూడా ఆ మూడు వేళ్ళు నల్లగా కనిపిస్తూనే ఉన్నాయి, పాలు పొంగే వేళకి అమ్మమ్మ పుల్లతో కదిపింది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఆరో అంతస్తులో ఉంటున్నాను. మనవరాలికి ఐదేళ్ళు. డిసెంబరులో బడి నుంచి చలికాలం క్రాఫ్ట్ అని ఇచ్చారు, దూదితో మంచుబొమ్మ చెయ్యాలిట. చేశాం, ఇద్దరం కూర్చుని, అట్టముక్క మీద దూది అంటించి, క్యారెట్ ముక్కు బదులు నారింజ తొక్క పెట్టాం. దానికి చాలా నచ్చింది, నాకూ నచ్చింది, పిల్ల చేతులు కదిలితే నాకు ఏదైనా సంతోషమే. బడికి తీసుకెళ్ళింది, గోడకి పెట్టారు, సెలవులకి ముందు తిరిగి ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి, "అమ్మమ్మా, దీన్ని ఇప్పుడు ఏం చెయ్యాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పడుకుని అదే ఆలోచించాను.

మర్నాడు ఊరి బయట గోశాలకి వెళ్ళి బకెట్‌లో పేడ తెచ్చాను. ఆన్‌లైన్‌లో రెడీమేడ్ దండలు దొరుకుతున్నాయని అమ్మాయి అంది, పిల్లకి పేడలో చెయ్యి పెట్టిస్తే ఏమవుతుందో అని దానికి టెన్షన్. చేతికి గాయాలేమీ లేవని చూసి, చేశాక సబ్బుతో మోచేతుల దాకా కడిగించాను, గోళ్ళు ముందురోజే తీశాను. ఊక దొరకలేదు, పూజ సామాన్ల కొట్టు పక్కన కట్టెల అడితిలో రంపపు పొట్టు అడిగి తెచ్చుకున్నాను, అది ఊకంత బాగా కలవలేదు గాని పనైంది. పిల్ల మొదటి అయిదు నిమిషాలు ముక్కు మూసుకుంది. ఆరో నిమిషం నుంచి మూసుకోలేదు. చిల్లు పూడుకుపోతుంటే ఐస్‌క్రీమ్ పుల్లలు గుచ్చాం. బాల్కనీలో ఎండ పదకొండింటి నుంచి రెండు దాకానే వస్తుంది, అందుకని ఎండతో పాటు పళ్ళేన్ని మూల నుంచి మూలకి జరుపుతూ వచ్చాం. మా అపార్ట్‌మెంట్ భోగిమంట పార్కింగ్ బయట ఖాళీ స్థలంలో వేశారు. పిల్ల ఎత్తు దండ కుదరలేదు, పదకొండు పిడకలే నిలిచాయి. మెడలో వేసుకుని మూడుసార్లు తిరిగింది. వాచ్‌మన్ వాళ్ళ అబ్బాయి దగ్గర దండ లేదని చూసి, విసిరేటప్పుడు ఒక కొస వాడికిచ్చింది, ఇద్దరూ కలిపి వేశారు.

కోడి అడుగు కథ దానికి ముందే చెప్పి ఉన్నాను. అందుకని దండ గుచ్చేటప్పుడే ఒక పిడక తీసి పక్కన పెట్టేసింది. ఏది తీస్తుందా అని చూశాను. అన్నిటికంటే గుండ్రంగా వచ్చింది కాదు, ఎండలో రెండు ముక్కలైనది తీసింది. ఎందుకంటే అది దండలోకి ఎలాగూ రాదుట, దానికి వేరే చోటు వెతకాలిట. ఎర్ర దారంతో రెండు ముక్కలూ కలిపి కట్టి, నా వంటింటి అలమరలో బియ్యప్పిండి డబ్బా పక్కన పెట్టుకుంది, రోజూ వచ్చి చూసి వెళ్తోంది.

వచ్చే వారం రథసప్తమి. చిన్న మట్టి పొయ్యి ఒకటి కొన్నాను, బాల్కనీలో తూర్పు మూల పడుతుంది. చిక్కుడుకాయలు రేపు మార్కెట్లో ఏరుకోవాలి, మరీ లేతవి కాకుండా, పుల్ల గుచ్చితే చీలిపోనివి. రేగుపళ్ళు దోరవి దొరుకుతాయో లేదో చూడాలి.